ఒక్క చుక్కా కారని కూజా

ఫెస్ నగరంలో, అయిన్ నొక్బీ పేటలో సుత్తుల మోత ఆగని సందు ఒకటుంది. ఆ సందులో ఎడమ చేతి వైపు బూష్తా కార్ఖానా, సరిగ్గా దానికి ఎదురుగా అతని బావ తిజానీ కార్ఖానా. ఇద్దరూ చేసేది టీ కూజాలే. బూష్తా దగ్గర పందొమ్మిది మంది పనివాళ్ళు, తిజానీ దగ్గర పదహారు మంది. ఇద్దరూ పొద్దున్నే ఒకరి గుమ్మంలోకి ఒకరు తొంగి చూసి, అవతలివాడి కూజాల మీద ఏదో ఒక మాట విసిరితే తప్ప పని మొదలయ్యేది కాదు.

బూష్తాకి తన కూజా అంటే ప్రాణం. జర్మన్ సిల్వర్ రేకు, గుమ్మటం లాంటి మూత, హంస మెడలాగా వంగిన కొమ్ము. ముప్పై నాలుగేళ్ల కిందట, పెళ్ళయిన ఏడాదే, ఆ నమూనా తనే గీసుకున్నాడు. అప్పటినుంచి దానిలో గీత మార్చలేదు. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ కూజాని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పాపం అన్నట్టు కింద పెట్టేవాడు. "మా ఇంటికి రండి. మూరెడు ఎత్తు నుంచి పోసినా పళ్ళెంలో ఒక్క చుక్క పడదు," అనేవాడు. అది అబద్ధమేమీ కాదు. వాళ్ళింట్లో టీ తాగిన వాళ్ళందరూ అది కళ్ళారా చూసినవాళ్ళే. పోసేది అతని భార్య బతూల్. ఆమె చెయ్యి పైకి లేస్తుంటే టీ సన్నటి దారమై గ్లాసులోకి దిగేది, పైన నురగ తలపాగా చుట్టుకునేది, పళ్ళెం మాత్రం తోమినట్టే ఉండేది.

ఇంతలో ఓడల మీద విదేశీ కూజాలు దిగాయి. చూడ్డానికి అచ్చం ఇలాంటివే, ధర సగం. మొదట పాత బజారులో నాలుగు కొట్లలో కనిపించాయి. ఏడాది తిరిగేసరికి బూష్తా సొంత మేనకోడలి పెళ్ళిలోనే ఆరు కూజాలు బహుమతిగా వస్తే, వాటిలో నాలుగు సముద్రం దాటి వచ్చినవే. ఆ రోజు బూష్తా భోజనం సగంలోనే లేచాడు. ఇంటికొచ్చాక, "ఈ రంజాన్ దాటితే సగం మందిని ఇంటికి పంపాల్సిందే బతూల్," అన్నాడు. అతని కార్ఖానాలో మెరుగు పెట్టే పెద్దాయన బూష్తా తండ్రి కాలం నాటివాడు. ఆయనకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక అతను వారం రోజులు సరిగా నిద్రపోలేదు.

ఇక బావలిద్దరూ ఎకసెక్కాలు పక్కనపెట్టి ఒక్కటయ్యారు. కూజాలు చేసేవాళ్ళందరినీ కూడగట్టుకుని రాజధాని రబాత్‌లో వాణిజ్య శాఖ చుట్టూ రెండేళ్లు తిరిగారు. వెళ్ళిన ప్రతిసారీ రేపు రమ్మన్నారు. చివరికి ఒకరోజు పెద్ద బల్ల చుట్టూ కూర్చోబెట్టి, అధికారి ఒకాయన మర్యాదగా మాట్లాడాడు.

"దిగుమతి సుంకం పదిశాతం నుంచి నలభైకి పెంచుతున్నాం. కానీ సుంకం ఒక్కటే చాలదు. వాళ్ళు ధర ఇంకా దించి అమ్ముతారు. అందుకని ఆమోద ముద్ర కూడా పెడుతున్నాం. పరీక్షలో నెగ్గి ముద్ర పడితేనే సరుకు రేవు దాటాలి. ఏమేం పరీక్షించాలో మీరే చెప్పండి. మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

అతుకులకి వేసే మాటులో సీసం ఉండకూడదన్నారు. రేకు మందం ఇంత ఉండాలన్నారు. పిడి ఊడిరాకూడదన్నారు. అధికారి అన్నీ రాసుకున్నాడు. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే కథే లేదు. కానీ ఆయన కలం మూత పెట్టబోతూ, మాటవరసకి, "అసలు మంచి కూజా అంటే ఏమిటండీ?" అని అడిగాడు.

బూష్తా లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"మంచి కూజా అంటే మా ఇంటికి రండి, చూపిస్తాను. మూరెడు ఎత్తు నుంచి వరసగా పది గ్లాసులు పోస్తే, పళ్ళెంలో ఒక్క చుక్క పడదు. అదీ మన దేశపు కూజా. చుక్క కారేదాన్ని కూజా అనరు, చిల్లి డబ్బా అంటారు."

బల్ల కింద తిజానీ అతని తొడ మీద గట్టిగా గిల్లాడు. బూష్తా అది మెచ్చుకోలు అనుకున్నాడు. అధికారికి ఆ మాట తెగ నచ్చింది. కలం మూత మళ్ళీ తీసి రాసుకున్నాడు: అరవై సెంటీమీటర్ల ఎత్తు, పది గ్లాసులు, బయట ఒక్క చుక్క కూడా పడరాదు.

తిరుగు రైల్లో తిజానీ చాలాసేపు కిటికీ బయటికే చూశాడు. మెక్నెస్ దాటాక ఇటు తిరిగాడు.

"బావా, చుక్క పడకపోతే మన పెద్దలు కూజా కింద పళ్ళెం ఎందుకు పెట్టారంటావు?"

"నీ కూజాల కోసం పెట్టారు," అన్నాడు బూష్తా.

"నవ్వుకో. నా కూజా కారుతుందని నాకు తెలుసు. నువ్వు రాయించింది ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకు తెలియట్లేదు."

"సముద్రం అవతలి వాడి మెడకి. ఇంకెవరి మెడకి చుట్టుకుంటుంది?"

మొదట్లో అలాగే జరిగింది. విదేశీ కూజాల పెట్టెలు కాసాబ్లాంకా రేవులోనే ఆగిపోయాయి. సుంకం కట్టినా ముద్ర లేదు, ముద్ర లేనిదే గేటు దాటదు. మూడు నెలలు తిరిగేసరికి పాత బజారు కొట్లవాళ్ళు మళ్ళీ బూష్తా గుమ్మంలో నిలబడ్డారు. బూష్తా ఇంకో నలుగుర్ని పనిలోకి తీసుకున్నాడు. మెరుగు పెట్టే పెద్దాయనకి కొత్త కళ్ళద్దాలు చేయించాడు. విదేశీ సరుకు వచ్చి పడినప్పుడు భయంతో కొత్త లేత్ మెషీనుకి, కొత్త అచ్చులకి బేరం మాట్లాడి పెట్టుకున్నాడు. ఇప్పుడవి ఎందుకులెమ్మని వద్దన్నాడు. వాటి బదులు కార్ఖానా బోర్డుకి రంగు వేయించాడు. పెద్ద అక్షరాలు, పక్కన ఒక కూజా బొమ్మ. ఆ బొమ్మలో కూడా టీ ధార సూటిగా గ్లాసులోకే పడుతుంది.

ఆరు నెలలు దాటాక ఒక ఉత్తరం వచ్చింది. దిగుమతిదారులు గొడవ పెట్టారట. పరాయి కూజాకి ఒక న్యాయం, ఇంటి కూజాకి ఒక న్యాయం ఏమిటని అడిగారట. వాళ్ళ మాటలో న్యాయం ఉందని శాఖ ఒప్పుకుంది. కాబట్టి దేశంలో చేసిన కూజాలకి కూడా అదే పరీక్ష, అదే ముద్ర. గడువు మూడు నెలలు. ముద్ర లేని సరుకు ఎవరిదైనా కొట్లలోంచి తీసేస్తారు.

సందులో అందరి మొహాలూ పాలిపోయాయి. బూష్తా ఒక్కడే నవ్వాడు. రెండు కూజాలు గుడ్డలో చుట్టుకుని మర్నాడే కాసాబ్లాంకా బయల్దేరాడు.

పరీక్షశాలలో ఉన్న ఇంజనీరు నవాల్ అనే అమ్మాయి. పాతికేళ్లు దాటి ఉండవు. కళ్ళకి అద్దాలు, జేబులో నాలుగు పెన్నులు. ఆమె బూష్తా కూజాని ఒక ఇనప చేతికి బిగించింది. కింద గ్లాసు, గ్లాసు చుట్టూ తెల్ల కాగితం. మీట నొక్కింది. ఇనప చెయ్యి వంగింది, పోసింది, లేచింది. కొమ్ము అంచున ఒక చుక్క ఊగి, మెడ వెంట జారి, కాగితం మీద పడింది. దాని వెనకే ఇంకోటి.

పది గ్లాసులయ్యేసరికి కాగితం మీద పదిహేడు చుక్కలున్నాయి. బూష్తా వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"నీ యంత్రానికి టీ పోయడం రాదమ్మా," అన్నాడు.

"రాదు బాబాయ్. కావాలనే అలా చేయించాం. దానికి పోయడం వస్తే ఇక కూజాని పరీక్షించినట్టేముంది?"

రెండో కూజా బిగించారు. పందొమ్మిది చుక్కలు. నవాల్ మంచి పిల్ల. కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, బీరువాలోంచి ఇంకో కూజా తీసి చూపించింది. రేవులో ఆగిపోయిన వాటిలోది.

"ఇది కూడా తప్పింది. రెండు చుక్కలు కారింది. కొమ్ము అంచు మార్చి మళ్ళీ పంపుతామని వాళ్ళు అప్పుడే ఉత్తరం రాశారు. మీరూ మార్చి తీసుకురండి. ఇంకా టైముంది."

"మా ఇంట్లో చుక్క పడదమ్మా. ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్నాను."

"మీ ఇంట్లో పోసేదెవరు బాబాయ్?" అని అడిగింది నవాల్.

దారి పొడుగునా బూష్తాకి ఆ మాటే చెవిలో మోగింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "బతూల్, టీ పొయ్యి," అన్నాడు. ఎప్పుడూ దిండుకి చేరగిలబడి కూర్చునేవాడు ఈసారి నేల మీద చతికిలబడి, గడ్డం పళ్ళేనికి ఆనించినంత దగ్గరగా పెట్టి, కళ్ళార్పకుండా చూశాడు.

బతూల్ పోసింది. ధార దిగింది. ఇక ఆపే క్షణంలో ఆమె మణికట్టు చిన్నగా, గింజంత, లోపలికి తిరిగింది. కిందికి జారబోయిన చుక్క ఆ తిరుగుడుకి కొమ్ములోకే వెనక్కి పోయింది. రెండో గ్లాసుకీ అంతే. మూడో గ్లాసుకీ అంతే.

"ఆ చెయ్యి అలా ఎందుకు తిప్పుతున్నావు?"

బతూల్ కూజా కింద పెట్టింది. అతని మొహం చూసింది, గుడ్డలో చుట్టి తెచ్చిన కూజాలు చూసింది. ఆమెకి అర్థమైంది.

"తిప్పకపోతే కారుతుంది కదా," అంది మెల్లగా.

"కారుతుందని నీకెప్పటినుంచి తెలుసు?"

"మొదటి కూజా నుంచి."

బతూల్ కూజాలు చేసే ఇంటి పిల్ల. ఆమె తండ్రి చేసిన కూజాలు ఇప్పటికీ కొందరి ఇళ్ళలో కూతుళ్ళకి సారెగా వెళ్తున్నాయి. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి కొమ్ము చూడగానే తెలియకుండా ఉంటుందా?

"పెళ్ళయిన ఏడాది నువ్వు ఆ కూజా పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చావు. నీ మొహం వెలిగిపోతోంది. మా నాన్న కూడా అప్పుడు ఇక్కడే కూర్చున్నాడు. ఆయన కొమ్ము కేసి చూసి నోరు తెరవబోయాడు. నేను కళ్ళతోనే వద్దన్నాను. టీ పోశాను. మొదటి గ్లాసుకి చుక్క కారబోయింది, చెయ్యి దానంతటదే తిరిగింది. నువ్వు పళ్ళెం చూసి పసిపిల్లాడిలా నవ్వావు. ఇక ఎలా చెప్పమంటావు?"

"మర్నాడు చెప్పొచ్చుగా. మరుసటి ఏడాది చెప్పొచ్చుగా. ముప్పై నాలుగేళ్లు నన్ను పిచ్చివాణ్ణి చేశావు. ఊరంతా నవ్వుతూ ఉండి ఉంటారు."

"ఎవరూ నవ్వలేదు. ఎవరి ముందూ చుక్క పడనివ్వలేదు కదా నేను."

బూష్తా లేచి బయటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆమె పోసిన టీ తాగలేదు, సందు చివర కాఫీ కొట్లో కూర్చున్నాడు. కోపం ఆమె మీదో, కూజా మీదో, రబాత్‌లో లేచి నిలబడిన తన కాళ్ళ మీదో అతనికే తేలలేదు. మూడో రోజు తిజానీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నాది ముప్పై ఒకటి కారింది బావా," అన్నాడు.

"నాది పదిహేడు."

"ఇంతకాలానికి నాకంటే నీది మేలని కాగితం మీద తేలింది. సంతోషించు." తిజానీ దగ్గరికి జరిగాడు. "నేనొకటి ఆలోచించాను. మళ్ళీ రబాత్ వెళ్దాం. పది గ్లాసులకి ఇరవై చుక్కలదాకా పరవాలేదని రాయిద్దాం. నాదెలాగూ పోయింది, నీదన్నా నిలబడుతుంది. నా పదహారు మందినీ నువ్వే తీసుకో."

బూష్తా బావ మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. నిజంగానే అంటున్నాడు.

"ఇరవై అని రాయిస్తే రెండు చుక్కలు కారేవాడు రేపే రేవు దాటుతాడు. సుంకం కట్టి మరీ అమ్ముతాడు. నీవాళ్ళూ మిగలరు, నావాళ్ళూ మిగలరు. నేను రాయించిన గోడ అది, నేనే దాటాలి."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాడు. బతూల్ గోధుమ రవ్వ చేత్తో నలుపుతూ కూర్చుంది. పక్కనే కూలబడ్డాడు.

"సర్కారు కూడా నాకు నువ్వు చేసినట్టే చేసింది," అన్నాడు. "సుంకం పెట్టి, ముద్ర పెట్టి, కారేదాన్ని కనపడకుండా కాసింది. నేనేమో నా కొమ్ము బంగారం అనుకుని బోర్డుకి రంగు వేయించుకున్నాను. లేత్ కొనవలసిన డబ్బు అది."

"సర్కారుకి నీ మొహం గుర్తు కూడా ఉండదు. నన్ను తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోబెట్టకు," అంది బతూల్. అని, రవ్వ అంటిన చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది. "మా నాన్న కొమ్ము ఎలా చేసేవాడో నాకు గుర్తుంది. రేపు నేనూ వస్తాను."

ముప్పై నాలుగేళ్లలో బతూల్ ఆ కార్ఖానా మెట్లెక్కింది ఈద్ రోజున మిఠాయి పంచడానికే. ఇప్పుడు జెల్లాబా అంగీ పొడుగు చేతులు పైకి మడిచి బల్ల ముందు కూర్చుంది. కొమ్ము అంచు పట్టుకుని, "ఇదిగో, ఇక్కడే రోగం," అంది. "పెదవి మందంగా ఉంది. మందంగా ఉంటే టీ దాన్ని పట్టుకుని వేలాడుతుంది. మా నాన్న ఈ పెదవిని వేలు కోసుకుపోయేంత పల్చగా అరగదీసి, కొంచెం కిందికి వంచేవాడు. గొంతు దగ్గర సన్నం చేసేవాడు." పనివాళ్ళు మొదట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెరుగు పెట్టే పెద్దాయన కొత్త కళ్ళద్దాలు సవరించుకుని, "మన అమ్మగారు లల్లా బతూల్ చెప్పింది నిజం. వాళ్ళ నాన్న దగ్గర నేను చూశాను," అన్నాడు. "మరి ఇన్నేళ్లూ చెప్పవేం పెద్దాయనా," అని బూష్తా అడిగితే, "నువ్వు అడిగావా నాయనా," అన్నాడాయన.

కొమ్ములు అరగదీయడం మొదలైంది. అయితే చిక్కు ఒకటి వచ్చి పడింది. కొత్త కొమ్ము అతికించిన కూజా ఏది బతూల్ చేతికిచ్చినా చుక్క పడదు. పాతదీ పడదు, కొత్తదీ పడదు. చెయ్యి తిప్పకుండా పొయ్యమంటే, "తిప్పట్లేదు," అనేది, తిప్పేది. ఆ చేతికి ఆమె మాట వినే అలవాటు ఎప్పుడో పోయింది.

"పోయడం బొత్తిగా రానివాళ్ళు కావాలి," అన్నాడు తిజానీ, గుమ్మంలో నిలబడి. "ఈ ఫెస్ నగరంలో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగి కూజా పిడి పట్టుకుని ఒక్క గ్లాసు పోసిన పాపాన పోలేదు."

అందరూ బూష్తా వైపు చూశారు.

కూజాలు చేసి చేసి జుట్టు నెరిసిన మనిషి, టీ పోయడానికి మొదటిసారి పిడి పట్టుకున్నాడు. పిడి కాలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గుడ్డ చుట్టుకోవాలని కూడా తెలియదు. మొదటి రోజు గ్లాసులో పడింది సగం, తన బూట్ల మీద పడింది సగం. పనివాళ్ళు నవ్వాపుకోలేక సుత్తులు కింద పెట్టేశారు. బతూల్ ఎదురుగా కూర్చుని అతను పోసిన టీ తాగింది. తన భర్త పోసిన టీ తాగడం ఆమెకి అదే మొదలు. నురగ లేదు, చల్లారిపోయింది, పుదీనా ఆకు గొంతుకడ్డం పడింది. "బాగుంది," అంది.

"అబద్ధం ఆడకు. నీకది బాగా అలవాటైపోయింది."

"బాగాలేదు," అంది బతూల్. "ఇంకోటి పొయ్యి."

అలా నలభై ఒక్క కొమ్ములు చేశారు. అంచు పల్చన చేస్తే వంగిపోయింది, వంచితే ధార చీలింది. పన్నెండోది తొమ్మిది చుక్కలు, ఇరవై ఆరోది నాలుగు. ముప్పై మూడోది మళ్ళీ పదికి పోయింది. ఆ రోజు బూష్తా దాన్ని గోడకేసి కొట్టాడు, బతూల్ వెళ్ళి తెచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టింది. పనివాళ్ళు టీ తాగి తాగి కళ్ళు గుండ్రంగా తెరుచుకుని తిరిగారు. గడువు ఇక తొమ్మిది రోజులుందనగా, శుక్రవారం గోధుమ రవ్వ కుస్‌కుస్ తిన్నాక, నలభై ఒకటో కొమ్ముతో బూష్తా పది గ్లాసులు పోశాడు. అతనికి అప్పటికీ పోయడం సరిగా రాదు. అయినా పళ్ళెంలో ఏమీ లేదు. బతూల్ పళ్ళెం మీద వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది. బూష్తా గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. ఎవరూ చూడనట్టు పనివాళ్ళు తలలు పక్కకి తిప్పుకున్నారు.

కాసాబ్లాంకాలో ఇనప చెయ్యి పోసింది. తెల్ల కాగితం తెల్లగానే ఉంది. నవాల్ ముద్ర నంబరు రాసిచ్చి, "పోసేదెవరో చెప్పలేదు మీరు," అంది. "ఈసారి నేనే పోశానమ్మా," అన్నాడు బూష్తా. తిరిగి వచ్చాక బతూల్ చెప్పిందని కొమ్ము అచ్చు తిజానీకి కూడా ఇచ్చాడు. తిజానీ దాన్ని తిప్పి చూసి, "పరవాలేదు," అని చంకలో పెట్టుకుపోయాడు. వారంలో అతనికీ ముద్ర వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మెక్నెస్ నుంచి మఖ్లూఫ్ అనే పెద్ద వ్యాపారి బూష్తా ఇంటికి వచ్చాడు. మూడు ఊళ్ళలో కొట్లున్నాయి. ముద్ర ఉన్న కూజాలు రెండు వేలు కావాలన్నాడు. అంత ఆర్డరు బూష్తా తన జన్మలో చూడలేదు. తిజానీ వచ్చాడు, మెరుగు పెట్టే పెద్దాయన వచ్చాడు. బతూల్ పెళ్ళిళ్ళకి వేసుకునే పొడుగు కఫ్తాన్ వేసుకుని, కొత్త కూజా, వెండి పళ్ళెం తెచ్చి అందరి మధ్యా కూర్చుంది. మఖ్లూఫ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. తెల్లటి జెల్లాబా, మంచులా ఉంది.

బతూల్ చెయ్యి లేచింది. నలభై ఒకటో కొమ్ముతో ఆమె పోయడం అదే మొదటిసారి. టీ దారంలా దిగింది. ఆపే క్షణంలో, ముప్పై నాలుగేళ్లుగా తిరిగినట్టే, మణికట్టు గింజంత లోపలికి తిరిగింది. పాత కొమ్ముని పట్టుకుని వేలాడే టీ ఇప్పుడు పల్చటి పెదవి మీద తెగి, ఆ తిరుగుడుకి పక్కకి ఎగిరింది. మఖ్లూఫ్ జెల్లాబా మీద ఛాతీ నుంచి ఒళ్ళోదాకా గోధుమరంగు గీత పడింది.

బతూల్ తన చేతికేసి చూసుకుంది. ఆ ఇంట్లో అతిథి మీద ఒక చుక్క కూడా ఎన్నడూ పడలేదు. ఆమె మొహంలో రక్తం లేదు.

మఖ్లూఫ్ బట్టలు తుడుచుకుని, పెద్దమనిషి కాబట్టి, ఆమెని ఏమీ అనలేదు. కూజాని చూశాడు. "ముద్ర పడింది ఇదేనా?" అన్నాడు.

బూష్తాకి అన్నీ తెలుసు. ఆ కూజాలో లోపం లేదని తెలుసు. ఒక్క మాట చాలు. మా ఆవిడ చెయ్యి జారిందండీ అంటే మఖ్లూఫ్ నవ్వేస్తాడు, రెండు వేలు రాసుకుంటాడు.

"తప్పు కూజాది," అన్నాడు బూష్తా. "కొమ్ము కొంచెం పక్కకి పోయినట్టుంది. మాటు వేసేటప్పుడు నేనే చూసుకోలేదు. క్షమించండి మఖ్లూఫ్ గారూ."

తిజానీ తాగుతున్న టీ పొలమారింది. బూష్తా నోటి నుంచి తన కూజాకి వంక పెట్టడం అతను ఈ జన్మలో వింటాననుకోలేదు. మఖ్లూఫ్ గడ్డం నిమురుకున్నాడు. "అయితే ముందు ఐదు వందలు పంపండి. చూసి మిగతావి చెప్తాను," అన్నాడు. బూష్తా తలూపాడు. బతూల్ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అందర్నీ సాగనంపి బూష్తా వంటింట్లోకి వచ్చేసరికి ఆమె కడిగిన కూజానే మళ్ళీ కడుగుతోంది.

"కూజాలో తప్పు లేదు," అంది, వెనక్కి తిరగకుండా.

"తెలుసు."

"పదిహేను వందల కూజాలు పోగొట్టావు."

"పోతే పోయాయి. ఐదు వందలు చూశాక వాడే వస్తాడు. రాకపోతే ఇంకొకడు వస్తాడు."

"నీ కూజా అంటే నీకు ప్రాణం కదా."

"కూజాకి వంక పెట్టడం ఈ మూడు నెలల్లో నేర్చుకున్నాను. నీ చేతికి పెట్టడం మాత్రం నేర్చుకోలేదు."

బతూల్ ఇటు తిరిగింది. కళ్ళు నిండుగా ఉన్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక భుజానికి రాసుకుంది. కూజాలో నీళ్ళు పోసి, పీట జరిపి కూర్చుని, గ్లాసు ముందు పెట్టుకుంది.

"ఇలా వచ్చి నా మణికట్టు పట్టుకో. తిరగనివ్వకు."

బూష్తా ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకున్నాడు. సన్నటి ఎముక, చర్మం కింద నరం కొట్టుకుంటోంది. ఇన్నేళ్లూ తన పరువంతా మోసింది ఈ చెయ్యేనని తలచుకుంటే అతనికి సిగ్గు వేసింది, ప్రేమా పొంగింది. ఆమె కూజా ఎత్తింది. నీళ్ళు దిగాయి. ఆపే క్షణంలో చెయ్యి తిరగబోయింది, అతను పట్టు విడవలేదు. నీళ్ళు తిన్నగా గ్లాసులోనే పడ్డాయి.

"ఇంకోసారి," అంది బతూల్.